ధ్రువ ప్రాంతాలు వేడెక్కితే అక్కడ మనుషులు ఉండొచ్చా? గడ్డకట్టిన నేల మీద పునాదులు వేసేవాడి సమాధానం

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. భూమి వేడెక్కుతోంది కాబట్టి ఇంకో యాభై, వందేళ్లలో ఆర్కిటిక్, అంటార్కిటికా మనుషులు ఉండటానికి పనికొస్తాయా? మన దగ్గర ఎండలు భరించలేనంతగా పెరిగితే జనం అటు వెళ్లి బతకొచ్చా? గ్రీన్‌ల్యాండ్ లాంటి చోట ఇప్పుడే కాస్త భూమి కొని పెట్టుకుంటే లాభమా? సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్న మీ అబ్బాయికి ఆ వైపు భవిష్యత్తు ఏమైనా ఉందా?

నేను సివిల్ ఇంజినీర్‌ని. నేల, పునాదులు నా పని. మాది గుంటూరు జిల్లా. చాలా ఏళ్లుగా నార్వే ఉత్తర భాగంలో ఉంటున్నాను. నార్వేకి ఉత్తరాన సముద్రంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో, అంతకుముందు కెనడా ఉత్తరాన గడ్డకట్టిన నేల మీద కట్టడాల పని చేశాను. వాతావరణ శాస్త్రవేత్తను కాను కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా నేల వైపు నుంచే ఉంటుంది.

ముందు సూటి జవాబు. అంటార్కిటికా సంగతి మర్చిపోండి, మన మనవళ్ల మనవళ్ల కాలానికి కూడా అది ఊళ్లు వెలిసే చోటు కాదు. ఆర్కిటిక్‌లో ఇప్పటికే సుమారు 40 లక్షల మంది ఉంటున్నారు. దాని దక్షిణపు అంచున కొన్ని ఊళ్లు కాస్త పెరగొచ్చు. కానీ గడ్డకట్టిన నేల ఉన్న అసలైన ఆర్కిటిక్‌లో, వేడి పెరిగేకొద్దీ బతకడం కష్టమవుతోంది, ఖర్చూ పెరుగుతోంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అక్కడ ఊళ్లను నిలబెట్టి ఉంచుతున్నది చలే.

అదెలాగో చెప్తాను.

ఉత్తరాన నేల పైపొర వేసవిలో మీటరో రెండు మీటర్లో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. దాని కింద ఏడాది పొడవునా గడ్డకట్టే ఉండే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. స్వాల్‌బార్డ్‌లో లోయల దగ్గర అది వంద మీటర్ల లోతు దాకా ఉంటుంది, కొండల్లో ఇంకా ఎక్కువ. సైబీరియాలోని యాకుట్స్క్‌లో 1828 నుంచి 1837 దాకా ఒక బావి తవ్వారు. 116 మీటర్లు దిగినా గడ్డకట్టిన నేల అయిపోలేదు. ఈ నేలలో మట్టి రేణువుల మధ్య మంచు ఉంటుంది. కొన్నిచోట్ల మట్టికంటే మంచే ఎక్కువ. గడ్డకట్టి ఉన్నంతసేపు అది మంచి కాంక్రీటుతో పోటీపడుతుంది. కరిగితే బురద. ఆ బురదలోంచి నీళ్లు పోతే నేల కుంగుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కుంగదు. ఇంటికి ఒక మూల పది సెంటీమీటర్లు దిగి, ఇంకో మూల అలాగే ఉంటే గోడలు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. మా వైపు నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్లకి ఈ బాధ కొంత తెలుసు: వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. కాకపోతే నల్లరేగడి ఏటా మళ్లీ తన స్థితికి వస్తుంది. పెర్మాఫ్రాస్ట్ ఒకసారి కరిగి కుంగితే వెనక్కి రాదు.

అందుకే అక్కడ ఇళ్లన్నీ కాళ్ల మీద ఉంటాయి. నేలలోకి పైల్స్, అంటే పొడవాటి పునాది స్తంభాలు దింపి, ఇంటి అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ వదులుతారు. చలిగాలి కిందనుంచి వీచి, ఇంట్లోని వేడి నేలకి తగలకుండా తీసుకుపోతుంది. కొత్తగా చూసేవాళ్లు ఆ ఖాళీ మంచు పేరుకుపోకుండా అనుకుంటారు. అసలు పని నేలను చల్లగా ఉంచడం.

కెనడా ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో నేను చూసిన గోడౌన్ దీనికి మంచి ఉదాహరణ. యజమాని ఆ ఖాళీ చుట్టూ చెక్కలు కొట్టించి, లోపల స్నోమొబైళ్లు (మంచు మీద నడిచే మోటారు బండ్లు) పెట్టుకున్నాడు. గాలి ఆగిపోయింది, పైన హీటర్ నడుస్తూనే ఉంది. కొన్నేళ్లకి నడిమధ్యన నేల దిగింది, షట్టర్ తలుపు మూసుకోవడం మానేసింది. మమ్మల్ని పిలిచి “పైల్స్ నాసిరకమా?” అని అడిగారు. పైల్స్‌కి ఏమీ కాలేదు, వాటిని పట్టుకున్న మంచు పట్టు వదిలింది, అంతే. చెక్కలు తీయించి, కుంగిన చోట జాకీలతో లేపి సరిచేశాం. ఆ యజమాని తన బిల్డింగ్ కింద పొరపాటున చేసింది, ఇప్పుడు వాతావరణం మొత్తం ఆర్కిటిక్ కింద చేస్తోంది. దానికి తీసి పారేయడానికి చెక్కలు లేవు.

ఇక్కడ బయటివాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. నేల కరగక్కర్లేదు, కాస్త వెచ్చబడితే చాలు. మైనస్ 6 డిగ్రీల దగ్గరున్న నేల మైనస్ 2కి వస్తే అది ఇంకా గడ్డకట్టే ఉంటుంది, థర్మామీటర్ చూసి అంతా బాగుందనుకుంటాం. కానీ మంచుకీ పైల్‌కీ మధ్య ఉండే పట్టు అప్పటికే బాగా తగ్గిపోతుంది, బరువుకి నేల మెల్లగా జారడం మొదలవుతుంది. స్వాల్‌బార్డ్‌లోని లాంగ్‌ఇయర్‌బీన్ అనే ఊరున్న లోయలో అయితే ఇంకో చిక్కు. అక్కడి బంకమట్టి ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్నది, అందులో ఉప్పుంది. ఉప్పున్న నేల సున్నా కంటే కిందే మెత్తబడుతుంది. పాత ఇళ్ల కింద చెక్క పైల్స్ ఉండేవి. పైపొర లోతుగా కరుగుతున్నకొద్దీ ఆ చెక్క తడిసి, మొదళ్లు పుచ్చుతున్నాయి. కొత్త భవనాలకి స్టీలు పైల్స్ బాగా లోతుకి, వీలైతే రాతి దాకా దింపుతున్నారు. ఇదివరకు గడిచిన 30 ఏళ్ల ఉష్ణోగ్రతలు చూసి డిజైన్ చేస్తే సరిపోయేది. ఇప్పుడు రాబోయే 50 ఏళ్లలో నేల ఎంత వెచ్చబడుతుందో అంచనా వేసి చేయాలి. దాంతో పునాది ఖర్చు ఎంత పెరుగుతుందో మీరే ఊహించుకోండి.

“టెక్నాలజీతో నేలను చల్లబరచలేమా?” అని అడుగుతారు. చల్లబరుస్తున్నాం. అలాస్కాలో 1977లో మొదలైన చమురు పైప్‌లైన్ పొడవు దాదాపు 1,290 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా నేలమీద స్తంభాలపైనే నడుస్తుంది, ఆ స్తంభాల్లో లక్షకు పైగా అమోనియా గొట్టాలున్నాయి. చలికాలంలో గొట్టం అడుగున ఉన్న అమోనియా నేలలోని వేడిని తీసుకుని ఆవిరవుతుంది, పైకి వెళ్లి చలిగాలికి ద్రవమై మళ్లీ కిందికి జారుతుంది. కరెంటు అక్కర్లేదు, చూడముచ్చటైన ఏర్పాటు. కానీ అది పనిచేయాలంటే నేల కంటే గాలి చల్లగా ఉండాలి. శీతాకాలం కురచైతే, వెచ్చబడితే దాని పని గంటలు తగ్గిపోతాయి. అప్పుడు మోటారు పెట్టి, ఫ్రిజ్ లాగా నేలను చల్లబరచాలి. చమురు పైప్‌లైన్‌కి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది, మామూలు కుటుంబం ఇంటికి గిట్టదు.

ఇదంతా ఎప్పుడో జరగబోయే సంగతి అనుకోవద్దు. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ మిగతా భూమికంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది. 2020 జూన్ 20న సైబీరియాలోని వెర్ఖొయాన్స్క్‌లో 38 డిగ్రీలు నమోదైంది. చలికాలంలో మైనస్ 67 దాకా పడిపోయిన చరిత్ర ఉన్న ఊరది. అదే ఏడాది మేలో సైబీరియాలోనే నోరిల్స్క్ అనే ఊరి దగ్గర పవర్‌ప్లాంటు డీజిల్ ట్యాంకు ఆధారం కుంగి, సుమారు 20 వేల టన్నుల డీజిల్ బయటికొచ్చింది, చాలావరకు నదుల్లోకి పోయింది. కరిగిన పెర్మాఫ్రాస్టే కారణమని కంపెనీ చెప్పింది. కోర్టు భారీ జరిమానా వేసింది. నా ఉద్దేశంలో ఇద్దరి మాటా కొంత నిజమే. నేల వెచ్చబడుతోందని తెలిసిన చోట పాత ట్యాంకును కనిపెట్టి చూసుకోవాల్సింది.

లాంగ్‌ఇయర్‌బీన్ విషయానికే వస్తే, 2015 డిసెంబర్ 19న కొండమీది మంచు జారి ఊళ్లోకి వచ్చింది. 11 ఇళ్లు పోయాయి, ఇద్దరు చనిపోయారు. తర్వాత ఆ వాలు కింద ప్రమాదం ఉన్న ఇళ్లను చాలావరకు ఖాళీ చేయించి తొలగించారు, కొండమీద మంచును ఆపే కంచెలు, కట్టలు కట్టారు. ఆ ఊళ్లో ప్రపంచ విత్తన భాండాగారం ఉంది. కరెంటు లేకపోయినా విత్తనాలు చల్లగా ఉంటాయని 2008లో పెర్మాఫ్రాస్ట్ కొండలో కట్టారు. 2016లో శీతాకాలం మొదట్లో మంచు పడాల్సిన రోజుల్లో వాన కురిసి, దాని ప్రవేశ సొరంగంలోకి నీళ్లొచ్చాయి. విత్తనాలకి ఏమీ కాలేదు, అవి బాగా లోపల ఉన్నాయి. కానీ సొరంగం మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఎప్పటికీ కరగదనే నమ్మకంతో ఎంచుకున్న చోటది.

పునాదులే కాదు, రోడ్లూ రేవులూ కూడా చలి మీదే ఆధారపడి ఉన్నాయి. కెనడా ఉత్తరాన వజ్రాల గనులకి డీజిల్, సిమెంట్, యంత్రాలు వెళ్లే దారి ఏడాదిలో రెండు నెలలే ఉంటుంది: గడ్డకట్టిన సరస్సుల మీద వేసే ఐస్ రోడ్డు. 2006లో శీతాకాలం వెచ్చగా ఉండి ఆ రోడ్డు త్వరగా మూతపడితే, మిగిలిన ఇంధనాన్ని విమానాల్లో మోయాల్సి వచ్చింది. మంచు తగ్గితే లారీలు సులువుగా తిరుగుతాయని మనం అనుకుంటాం. అక్కడ మంచు తగ్గితే సరస్సులూ చిత్తడీ మిగులుతాయి. సముద్రతీరంలో కూడా ఇంతే. తీరాన్ని అంటిపెట్టుకుని ఉండే సముద్రపు మంచు, శరత్కాలపు తుఫానుల నుంచి ఒడ్డును కాపాడేది. అది ఆలస్యంగా కడుతుంటే అలలు నేరుగా ఒడ్డును కొడుతున్నాయి, గడ్డకట్టిన ఒడ్డు కరిగి ముక్కలై పడిపోతోంది. ఉప్పాడ తీరం చూసినవాళ్లకి సముద్రం ఊరిని తినడం అంటే తెలుసు. అలాస్కాలో న్యూటాక్ అనే పల్లెలో నది కోత, నేల కరగడం రెండూ కలిశాయి. 2019 నుంచి ఊరి జనాన్ని మెర్టార్విక్ అనే కొత్త చోటుకి తరలించారు. కొన్ని వందల మంది ఉన్న ఊరిని కొద్ది మైళ్లు జరపడానికి దశాబ్దాల ప్రయత్నం, కోట్ల డాలర్లు పట్టాయి.

నౌకా మార్గాలు తెరుచుకుంటున్నాయన్నది నిజమే. 2012 సెప్టెంబర్‌లో సముద్రపు మంచు 34 లక్షల చదరపు కిలోమీటర్లకి పడిపోయింది, ఉపగ్రహాలతో కొలవడం మొదలైనప్పటి నుంచి అదే అతి తక్కువ. ఓడలు ఎక్కువ తిరుగుతాయి, గనులు తెరుస్తారు. ఓడ వెళ్లే దారిలో ఊరు వెలవాలని మాత్రం లేదు.

ఇక వ్యవసాయం. ఎండలు పెరిగితే పంటలు ఉత్తరానికి జరుగుతాయని పటాలు వేసి చూపిస్తుంటారు. ఆ పటాల్లో ఉష్ణోగ్రత ఉంటుంది, మట్టి ఉండదు. హిమానీనదాలు వేల ఏళ్లపాటు గీకేసిన కెనడా ఉత్తర భాగంలో చాలాచోట్ల బండ మీద జానెడు మట్టి. అడవుల కింద ఆమ్లత్వం ఎక్కువున్న బలహీనమైన నేలలు, మిగతాచోట పీట్, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న బురద. పీట్‌ను ఎండగట్టి దున్నితే అందులో దాచుకున్న కార్బన్ గాల్లోకి పోతుంది. ఉత్తరాది పెర్మాఫ్రాస్ట్ నేలల్లో ఉన్న కార్బన్ ఇప్పుడు గాల్లో ఉన్నదానికి దాదాపు రెట్టింపు, కాబట్టి అక్కడ నాగలి పెట్టడం ఊరికే పోయే పని కాదు. గోదావరి డెల్టా మట్టి తయారవడానికి ఎన్ని వేల ఏళ్లు పట్టిందో, అక్కడా అంతే పడుతుంది. థర్మామీటర్ పెరిగినంత వేగంగా మట్టి రాదు.

వెలుతురు అసలే మారదు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఇక్కడ ఉండేవాళ్లకి మాత్రం ఇదే పెద్ద సంగతి. ధ్రువాల దగ్గర చీకటికి కారణం భూమి అక్షం వాలు. కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగినా అది మారదు. లాంగ్‌ఇయర్‌బీన్‌లో అక్టోబర్ చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు దిగంతం మీదికి రాడు. కొండలు అడ్డం ఉండటంతో ఊళ్లోకి ఎండ పడేది మార్చి 8 ప్రాంతంలో, ఆ రోజు జనమంతా పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరి పండగ చేసుకుంటారు. మన దగ్గర్నుంచి వచ్చినవాళ్లు చలికి త్వరగానే అలవాటు పడతారు. మంచి జాకెట్, బూట్లు ఉంటే చలిని కొనుక్కుని గెలవొచ్చు. చీకటికి అలవాటు పడక తిరిగి వెళ్లిపోయినవాళ్లని చాలామందిని చూశాను. విటమిన్ డి మాత్రలు, వెలుతురు దీపాలు కొంత సాయం చేస్తాయి. వేసవిలో దీనికి తిరగబడి నిద్ర పట్టదు. ఉత్తర కెనడా పల్లెల్లో వేసవి దోమల గురించి ఇంకో సమాధానం రాయొచ్చు.

మీ ప్రశ్నకి అన్నిటికంటే గట్టి జవాబు జనాభా లెక్కల్లో ఉంది. ఆర్కిటిక్ బాగా వేడెక్కింది గత 30, 40 ఏళ్లలోనే. వేడి జనాన్ని రప్పించేదైతే ఈపాటికి కొంతైనా కనిపించాలి. ఆర్కిటిక్ వలయం లోపల అతి పెద్ద నగరం రష్యాలోని మూర్మన్స్క్. 1989లో అక్కడ 4 లక్షల 68 వేల మంది ఉండేవారు. 2021 లెక్కల నాటికి 2 లక్షల 70 వేలే. బొగ్గు ఊరు వొర్కుటాలో అదే కాలంలో జనాభా సగానికి పడిపోయింది. స్వాల్‌బార్డ్‌లో పిరమిడెన్ అనే సోవియట్ గని ఊరు ఉండేది, అందులో స్కూలు, ఈత కొలను, థియేటర్ అన్నీ ఉండేవి. 1998లో గని మూసేశారు, ఊరు ఖాళీ. ఈ ఊళ్లు ఖాళీ అవడానికి వాతావరణం కారణం కాదు. సోవియట్ ప్రభుత్వం ఇచ్చిన ఎక్కువ జీతాలు, రాయితీలు పోయాయి, జనం వెళ్లిపోయారు. నేను చెప్పదలచింది కూడా ఇదే: ఉత్తరాన మనుషులు ఉండటం డబ్బుని బట్టి ఉంటుంది. గనో, రేవో, సైనిక స్థావరమో, యూనివర్సిటీయో ఉంటే మైనస్ 40లో కూడా నగరం నడుస్తుంది, యాకుట్స్క్‌లో మూడున్నర లక్షల మంది ఉంటున్నారు. అవి లేకపోతే ఐదు డిగ్రీలు వెచ్చబడినా ఎవరూ రారు.

తరతరాలుగా డబ్బుతో నిమిత్తం లేకుండా ఉన్నవాళ్లున్నారు, ఇన్యూట్లు, సామీలు, నేనెట్స్ లాంటివాళ్లు. వేడి వాళ్లకేమైనా మేలు చేసిందా అంటే, 2013 నవంబర్‌లో రష్యా ఉత్తరాన యమల్ ద్వీపకల్పంలో మంచు మీద వాన పడి, అది గట్టి ఐసు పొరగా మారింది. రెయిన్‌డీర్‌లు ఆ పొరను గిట్టలతో పగలగొట్టి కింది మేత తినలేకపోయాయి. 60 వేలకు పైగా ఆకలితో చచ్చిపోయాయి. 2016 వేసవిలో అక్కడే ఆంత్రాక్స్ (పశువుల నుంచి మనుషులకి సోకే జబ్బు) వచ్చి ఒక పిల్లవాడు చనిపోయాడు. కరిగిన నేలలోంచి బయటపడ్డ పాత కళేబరాల నుంచి వచ్చి ఉంటుందని నిపుణుల అంచనా. ఇంకోమాట: మనం పటం మీద ఖాళీగా చూసే ఆ నేలంతా వాళ్ల మేత భూమి, వేట భూమి.

బాగుపడేవి లేవా అంటే ఉన్నాయి. గ్రీన్‌ల్యాండ్ దక్షిణ కొసన గొర్రెల పెంపకం, బంగాళాదుంపలు, కూరగాయలు ఇదివరకే ఉన్నాయి, సాగు రోజులు కాస్త పెరిగాయి. అయితే వేసవిలో వానలు సరిగ్గా లేక గడ్డి ఎండిపోయిన ఏళ్లూ ఉన్నాయి. చేపలు ఉత్తరానికి జరుగుతున్నాయి, జాలర్లకి అది మేలే. నార్వేలోని ట్రామ్సో ఆర్కిటిక్ వలయానికి చాలా పైన ఉన్నా, అక్కడ జనవరి సగటు మైనస్ 4 ప్రాంతంలోనే ఉంటుంది, 75 వేలకు పైగా జనం ఉన్నారు. అది నేటి భూతాపం వల్ల కాదు, దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల. పైగా ఊరు కింద పెర్మాఫ్రాస్ట్ లేదు. ఎవరైనా ఉత్తరానికి రావాలనుకుంటే ఇలాంటి ఊళ్లే చూడాలి: ట్రామ్సో, స్వీడన్‌లో లూలియో, ఫిన్‌లాండ్‌లో ఔలు. ఇక్కడికి వచ్చేవాళ్లు కూడా ఉద్యోగం కోసం వస్తారు, వాతావరణం కోసం కాదు.

అంటార్కిటికాని త్వరగా ముగిస్తాను, ఎందుకంటే చెప్పాల్సింది తక్కువే. ఆ ఖండంలో 99 శాతానికి పైగా మంచు, మంచు మందం సగటున దాదాపు రెండు కిలోమీటర్లు. దక్షిణ ధ్రువం దగ్గర ఏడాది సగటు మైనస్ 49. ఐదు డిగ్రీలు పెరిగితే మైనస్ 44. 2022 మార్చిలో తూర్పు అంటార్కిటికాలో కాంకోర్డియా స్టేషన్ దగ్గర మామూలు కంటే 38 డిగ్రీలకు పైగా ఎక్కువ నమోదై శాస్త్రవేత్తలు నోళ్లు వెళ్లబెట్టారు. ఆ రికార్డు ‘వేడి’ రోజున అక్కడ ఉన్నది మైనస్ 12.

మంచు కరిగితే కింద కొత్త ఖండం బయటపడుతుందని కొందరి ఊహ. పశ్చిమ అంటార్కిటికాలో చాలాభాగం సముద్రమట్టం కంటే కిందే ఉంది, కరిగితే దీవుల గుంపు మిగులుతుంది. మంచు బరువు పోయాక నేల పైకి లేస్తుంది గానీ, దాని వేగం చూడాలంటే మా పక్కనే, స్వీడన్, ఫిన్‌లాండ్‌ల మధ్యనున్న బోత్నియా తీరాన్ని చూడండి. మంచుయుగం ముగిసి 10 వేల ఏళ్లయినా ఆ నేల ఇంకా ఏటా దాదాపు 9 మిల్లీమీటర్లు లేస్తూనే ఉంది. లూలియో రేవు మెరకపడి ఓడలు రాలేక 1649లో ఊరినే జరుపుకున్నారు. పైగా అంటార్కిటికా మంచు మొత్తం కరిగితే సముద్రం సుమారు 58 మీటర్లు పెరుగుతుంది. కాకినాడ, మచిలీపట్నం సరే, విజయవాడ కూడా ఉండదు. అక్కడ ఇల్లు కట్టుకునే రోజు వస్తే ఇక్కడ కోట్లమంది ఇళ్లు నీళ్లలో ఉంటాయి.

మన దేశం అనుభవం కూడా చూడండి. 1983–84లో దక్షిణ గంగోత్రి స్టేషన్‌ని మంచు పలక మీద కట్టారు. కొన్నేళ్లకే అది మంచులో కూరుకుపోయింది. తర్వాత 1989లో మైత్రిని షిర్మాకర్ దగ్గర రాతి నేల మీద కట్టారు, నీళ్లకి పక్కనే ప్రియదర్శిని సరస్సు ఉంది. 2012లో వచ్చిన భారతి స్టేషన్‌ని 134 షిప్పింగ్ కంటైనర్లతో కట్టారు. మంచు లేని అలాంటి రాతి నేల ఖండం మొత్తంలో అర శాతం కూడా లేదు. బియ్యం గింజ నుంచి డీజిల్ దాకా అన్నీ బయటి నుంచే రావాలి. జర్మనీ వాళ్లు న్యూమేయర్ స్టేషన్ దగ్గర 2018లో ఒక గ్రీన్‌హౌస్ పెట్టి, పన్నెండున్నర చదరపు మీటర్లలో తొమ్మిదిన్నర నెలల్లో 268 కిలోల కూరగాయలు పండించారు. గొప్ప విషయమే, కానీ ఆ లైట్లూ హీటర్లూ నడిచేది కూడా మోసుకొచ్చిన ఇంధనం మీదే ఎక్కువ. చిలీ వాళ్ల విల్లా లాస్ ఎస్ట్రెల్లాస్ స్థావరంలో కుటుంబాలు కొన్నేళ్లు ఉండేవి. దీర్ఘకాలం ఉండాలంటే ముందే అపెండిక్స్ తీయించుకోవాల్సి వచ్చేది, పిల్లలైనా సరే. పెద్ద ఆసుపత్రి అంత దూరం.

భూమి కొనడం గురించి. వద్దు, పైగా కుదరదు కూడా. గ్రీన్‌ల్యాండ్‌లో నేలకి ప్రైవేటు యజమాని ఉండడు. ఇల్లు సొంతమైనా, ఇంటి కింది స్థలానికి వాడుకునే హక్కు మాత్రమే ఇస్తారు. స్వాల్‌బార్డ్‌లో దాదాపు మొత్తం నార్వే ప్రభుత్వానిదే. మిగిలిన ఒక ప్రైవేటు స్థలాన్ని 2024లో అమ్మకానికి పెడితే ప్రభుత్వం అడ్డుకుంది. అంటార్కిటికా 1959 నాటి ఒప్పందం కింద ఉంది, భారత్ 1983లో అందులో చేరింది. అక్కడ గనుల తవ్వకాన్ని 1991 నాటి మాడ్రిడ్ ప్రోటోకాల్ నిషేధించింది. కాబట్టి “ఆర్కిటిక్ ప్లాట్లు, ముందస్తు బుకింగ్” అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే డబ్బు కట్టకండి.

మన ఎండల సంగతి. రెంటచింతలలోనో రామగుండంలోనో 46, 47 డిగ్రీలు భరించేవాళ్ల బాధ నాకు తెలుసు, మా అమ్మ ఇప్పటికీ మా ఊళ్లోనే ఉంటుంది. కానీ ఎండకి ఓడిపోయే కూలీ, రైతు ధ్రువం దాకా వెళ్లరు, వెళ్లలేరు. దగ్గర్లోని పట్నానికి వెళ్తారు. ఒక కుటుంబానికి పెర్మాఫ్రాస్ట్ మీద ఇల్లు కట్టే ఖర్చుతో మన దగ్గర ఊరు ఊరంతా పైకప్పులకి తెల్లటి కూల్ రూఫ్ పూత వేయొచ్చు. తెలంగాణ 2023లో దానికోసం ఒక పాలసీ కూడా తెచ్చింది. నీడ, నీళ్లు, పని వేళలు మార్చడం వీటి మీద పెట్టే రూపాయి ఎక్కువమందిని కాపాడుతుంది. నా రంగానికి పని తగ్గినా సరే, ఇదే నా అభిప్రాయం.

చివరిగా మీ అబ్బాయి. కొత్త నగరాలు కట్టే పని ఉత్తరాన పెద్దగా రాదు. ఉన్న ఊళ్లు, రన్‌వేలు, ట్యాంకులు, పైప్‌లైన్లు కూలకుండా చూసే పని మాత్రం దశాబ్దాలపాటు ఉంటుంది, చేసేవాళ్లు తక్కువ. బీటెక్‌లో సాయిల్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ గట్టిగా చదవమనండి. రెండోది సివిల్ పిల్లలు పట్టించుకోరు, మా పనిలో సగం అదే. మాస్టర్స్‌కి నార్వేలో ట్రాండ్‌హైమ్, అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్, కెనడాలో లావాల్ యూనివర్సిటీలు చూడొచ్చు. లాంగ్‌ఇయర్‌బీన్‌లోని యూనివర్సిటీ సెంటర్‌లో గడ్డకట్టిన నేల మీద కోర్సులున్నాయి. స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదని ఎక్కడో చదివి టికెట్ కొనేయకండి. విమానం నార్వే మీదుగానే వెళ్తుంది కాబట్టి రెండుసార్లు ప్రవేశించే షెంజెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా కావాలి. అక్కడ ఉన్నన్నాళ్లు తన ఖర్చు తానే భరించగలగాలి, లేకపోతే గవర్నర్ వెనక్కి పంపేయొచ్చు.

అంతదూరం వెళ్లేముందు ఒక వేసవి లడఖ్‌లో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో ప్రయత్నించమనండి. ఎత్తైన చోట్ల అక్కడా పెర్మాఫ్రాస్ట్ ఉంది, వాటి మీదుగా వెళ్లే రోడ్లు ఏటా కుంగుతుంటాయి. ఆ చలిలో బోర్‌హోల్ (నేలలోకి తవ్విన సన్నటి లోతైన రంధ్రం) దగ్గర రోజంతా నిలబడి రీడింగులు తీయడం నచ్చితే మళ్లీ రాయండి, ఏ ప్రొఫెసర్లకి ఎలా రాయాలో చెప్తాను.